మూడో జ్ఞాని మాయం

“ఎవురూ కదలగూడదు! చిత్తూరులో నేరమనేది ఇంకా మిగిలుండాదంటే దానికి కారణం ఒకటే. నాకు తీరిక లేకపోవడం!”

ఇలా ప్రకటించి ధనంజయ పక్కింటివాళ్ళ హాల్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వీధిలో కోడి ఎక్కడ గుడ్డు పెడుతోందో కనిపెట్టిన నాటినుంచి అతగాడు డిటెక్టివే. అది అతని మంచం కిందే పెడుతోందనేది వేరే సంగతి.

ఆ ఇంటి దయానంద్ తల పట్టుకున్నాడు. క్రిస్మస్‌కి మట్టిబొమ్మలతో ఏసు పుట్టిన పశువుల పాక కట్టడం వాళ్ళ అవ్వ రెబెకమ్మ పెట్టిన ఆనవాయితీ. ఆ బొమ్మలు పెళ్ళయిన ఏడాది తాత పాత సామాన్ల అంగట్లో ఏరి తెచ్చినవి. ఇవాళ పెట్టె తెరిస్తే, పసి ఏసును చూడ్డానికి తూర్పుదేశం నుంచి వచ్చిన ముగ్గురు జ్ఞానుల్లో ఒకడు లేడు! సాయంత్రం చర్చి పాటలవాళ్ళు వచ్చేస్తారు.

“మీ తాత తెచ్చినోళ్ళు ముగ్గురూ ఉంటేనే పాక. లేకుంటే ఈ ఏడు వద్దు నాయనా,” అని అవ్వ కళ్ళొత్తుకుంది.

ధనంజయ మాత్రం నేలమీది తెల్లటి పొడి నాకి చూశాడు. “మత్తుమందు! అంతర్జాతీయ ముఠా!”

“మైదాపిండప్పా. పొద్దున కజ్జికాయలు చేసినాము,” అన్నాడు దయానంద్.

“అట్లని నిన్ను నమ్మించినారు!”

తర్వాత మిగిలిన ఇద్దరు జ్ఞానులనూ ఎదురుగా నిలబెట్టాడు. “మీ జతగాడు యాడికి పోయినాడు? ఊహూ, మౌనం! ఒప్పుకున్నట్టే. దయా, వీళ్ళమీద ఒక కన్నేసుండు, నేను భూతద్దం తెస్తా.”

వీడి నిర్వాకం తెలిసిన దయానంద్ వెంటే పరిగెత్తాడు. ధనంజయ తన ఇంట్లో భూతద్దం కోసం స్టూలెక్కి అటకమీద చెయ్యి పెట్టాడో లేదో, వాళ్ళమ్మ సిద్ధమ్మ కేకేసింది. “ఒరే, ఆ పెట్టె జోలికి పోవద్దు! దసరా కొలువు బొమ్మలుండాయి!”

పెట్టె, స్టూలు, డిటెక్టివ్ ముగ్గురూ ఒకేసారి కిందికొచ్చారు. పాతగుడ్డ మూటలోంచి మూడో జ్ఞాని దొర్లుకుంటూ వచ్చి దయానంద్ కాళ్ళ దగ్గర ఆగాడు. నుదుటిమీద ఇంత పొడుగున తిరునామం!

“కొలువులో మంత్రిబొమ్మ పగిలిందని, బదులుకు ఒక బొమ్మ రెబెకమ్మక్కను అడిగి తెమ్మంటే, ఆమె ఇంట్లో లేదని పెట్టె తీసి తెచ్చింది నువ్వే గదరా!” అంది సిద్ధమ్మ. “నామం పెట్టి మంత్రిని చేసినాము, పండగైనాక తిరిగిచ్చి రమ్మంటే ఇచ్చేసినా అంటివే!”

ధనంజయ నడుం పట్టుకుని లేచాడు. “నేరస్థుడెవురో తెలిసిపోయింది. కానీ వృత్తిధర్మం... పేరు బయట పెట్టను.”

దయానంద్ నామాన్ని వేలితో కప్పి బొమ్మను అవ్వ చేతికిచ్చాడు. ఎంత తుడిచినా ఆ రంగు పోలేదు మరి. రెబెకమ్మ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. కొంగుతో దాని ముఖం తుడిచి, నవ్వుతూ పాకలో మిగతా ఇద్దరి పక్కన నిలబెట్టింది.

“తూర్పునుంచి వచ్చినోడు గదా నాయనా, దారిలో తిరపతి కొండెక్కి దర్శనం చేసుకొనొచ్చినాడు. అందుకే ఆలస్యమైంది. నువ్వు పోయి నక్షత్రం కట్టు, పాటలోళ్ళు వస్తాండారు.”