మూడో ర్యాకులో నల్ల పెట్టె

విశ్వవిద్యాలయం సర్వర్ గదికి ఇన్‌చార్జిగా ఉన్న ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. నడుముకు వేలాడే గుత్తి చప్పుడు మనిషి కంటే ముందు వచ్చేది. ఆ ఉదయం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. సర్వర్ గదిలో ఒక్క అర ఖాళీ చేయాలి. అంతే.

అయితే ఆ గదిలో అర ఖాళీ చేయడమంటే పులి నోట్లోంచి మాంసం ముక్క లాగడమే. గది నిండా ఇనుప ర్యాకులు, ర్యాకుల నిండా ఒకదానిమీద ఒకటిగా సర్వర్లు. అన్ని శాఖల పరిశోధన లెక్కలూ వాటిలోనే నడుస్తాయి. ఇంకో ర్యాకు వేద్దామంటే నేల లేదు, నేల చూపిస్తే కరెంటు చాలదు, కరెంటు ఇస్తే చల్లదనం చాలదు. పైగా అక్కడొక పాత కట్టుబాటు. ఒక శాఖ పెట్టె అరలో ఉన్నంతకాలం ఆ అర ఆ శాఖదే. పాతది తీసి కొత్తది పెట్టుకోవచ్చు గానీ, ఖాళీగా వదిలితే వెంటనే వరసలో ఉన్నవాళ్ళకి పోతుంది. అందుకని ప్రొఫెసర్లు సొంత పొలం గట్టునైనా వదులుకుంటారేమో గానీ అరను మాత్రం వదలరు.

ఆ వరసలో అందరికంటే ముందు వినికిడి విభాగం అమ్మాయి ఉంది. పురిటి గదుల చుట్టూ తిరిగి పసిపిల్లల ఏడుపులు వేలకొద్దీ రికార్డు చేసింది. ఏడుపును బట్టి ఏ బిడ్డకి చెవులు వినపడవో ముందే పసిగట్టవచ్చని ఆమె నమ్మకం. ఆ లెక్కలు చేయడానికి ఓ సంస్థ పెద్ద సర్వర్ ఒకటి ఎరువిచ్చింది. విభాగానికున్న ఒక్క అరలో ఆ ఏడుపులన్నీ దాచిన పాత సర్వర్ ఉంది, దాన్ని తీయడానికి లేదు. అందుకని కొత్తది అట్టపెట్టెలోనే వరండాలో పడి ఉంది. ఈ సాయంత్రం సంస్థవాళ్ళు చూడ్డానికొస్తారు. అప్పటికి అది ర్యాకులో ఎక్కి నడుస్తూ కనిపించకపోతే తీసుకుపోయి ఇంకెవరికో ఇచ్చేస్తారు. రోజూ గుమ్మం దగ్గర నిలబడి "ఏమైనా ఖాళీ అయిందా సార్?" అని అడిగే ఆ అమ్మాయిని చూసి చూసి, నిన్న తాళాలాయన నోరు జారాడు. "రేపు సాయంత్రానికి నీ సర్వర్ ర్యాకులో ఉంటుందమ్మా. నాదీ పూచీ" అనేశాడు.

మాటైతే ఇచ్చాడు గానీ దారి తోచలేదు. పొద్దున్నే దిగాలుగా కాఫీ తాగుతుంటే, వంటింటి అల్మరా సర్దుతున్న భార్య ఓ పాత ఫ్లాస్కు తీసి మంచం కింద పెట్టడం కనిపించింది.

"అదెందుకు అక్కడ పెట్టావు?"

"ఇది ఎవరికైనా కావాలో వద్దో తెలియడానికి. ఎవరైనా వెతుక్కుంటే తీసిస్తాను. వెతుక్కోకపోతే పారేస్తాను."

"అందరినీ అడిగితే పోయేదానికి..."

"అడిగితే ఎవరైనా వద్దంటారా? మీరు ఆ గళ్ళ చొక్కా వేసుకుని ఎన్నేళ్ళయింది? పారేద్దామా?"

"వద్దొద్దు! అది నాకు కావాలి."

"చూశారా మరి" అంది ఆవిడ.

తాళాలాయనకి జ్ఞానోదయమైంది. మూడో ర్యాకు మధ్యలో ఒక నల్ల పెట్టె ఉంది. ఆయన ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది. మీద పేరు లేదు, శాఖ లేదు. ఓ చిన్న పచ్చ దీపం వెలుగుతుంది, లోపల ఏదో సన్నగా మూలుగుతుంది. దాని ముందు ఆగి "నీ కడుపులో ఏముందిరా నాయనా?" అని అడగని రోజు లేదాయనకి. రాత్రి నిద్రపట్టకపోతే కూడా అదే ఆలోచన. కానీ తెరిచి చూడ్డానికి అధికారమూ లేదు, ధైర్యమూ లేదు.

గదిలోకి వెళ్తూనే దాని ప్లగ్గు పీకాడు. పచ్చ దీపం ఆరిపోయింది, మూలుగు ఆగిపోయింది. ఎవరిదైతే వాళ్ళు ఇప్పుడు లబోదిబోమంటూ ఫోను చేస్తారని ఫోను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫోను మోగలేదు. లేచి ఓసారి ఫోను పనిచేస్తోందో లేదో చూసుకున్నాడు. పనిచేస్తోంది. ఎవరికీ ఏమీ పట్టలేదు.

అక్కడితో ఊరుకుంటే కథే లేదు. భార్య చెప్పిన ఉపాయంలో దాచడం ఒక సగం, నోరు మూసుకుని కూర్చోవడం రెండో సగం. మొదటి సగం ఆయన బ్రహ్మాండంగా చేశాడు. రెండోది మాత్రం ఆయన వల్ల కాలేదు, లోపలేముందో తెలుసుకోవాలన్న దురద అలాంటిది. ప్రొఫెసర్లందరూ ఉన్న ఫోను గ్రూపులో ఇలా పెట్టాడు: "మూడో ర్యాకులో నల్ల పెట్టె ఎవరిది? మధ్యాహ్నంలోగా చెప్పకపోతే ఆ అర వేరేవాళ్ళకి ఇవ్వబడును."

అర అన్న మాట చూడగానే విశ్వవిద్యాలయం మొత్తం నిద్రలేచింది.

మొదట చరిత్ర ప్రొఫెసరు ఫోను. "ఆ నల్లది మాదేనయ్యా."

"అవునా సార్! ఏముందండీ అందులో?" తాళాలాయన గొంతులో నిజమైన ఆత్రం.

"ఏముందా? శాసనాలు! రాతి శాసనాల ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. రాళ్ళు అరిగిపోయాయి, ఇప్పుడవి తప్ప ఇంకేం మిగల్లేదు. నువ్వేం ముట్టుకోలేదుగా?"

"అబ్బే, నేనెందుకు ముట్టుకుంటానండీ" అన్నాడు తాళాలాయన, చేతిలో ప్లగ్గు పట్టుకుని.

ఫోను పెట్టేలోపు రసాయనశాస్త్రం మేడమ్ తెల్లకోటుతోనే పరిగెత్తుకొచ్చింది. "ఆ పెట్టె మీద చెయ్యి వేశారంటే ఊరుకోను. మా అణువు అందులో తిరుగుతోంది."

"అణువా మేడమ్? ఎంతకాలంగా తిరుగుతోందండీ?"

"ఏడాదిగా, ఆగకుండా. మధ్యలో ఒక్క క్షణం ఆగిందా, లెక్కంతా మళ్ళీ మొదటికే."

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు తాళాలాయన. ఆవిడ అటు వెళ్ళగానే గబగబా ప్లగ్గు పెట్టాడు. దీపం వెలగలేదు. ఇంకో సాకెట్టులో పెట్టాడు. వెలగలేదు. పెట్టె పక్కన చిన్నగా తట్టాడు, కాస్త గట్టిగా తట్టాడు, చివరికి బతిమాలాడు. మిగతావాళ్ళు స్వెట్టర్లు వేసుకునే ఆ చల్లటి గదిలో ఆయనకి చొక్కా తడిసిపోయింది.

అదే సమయానికి వినికిడి విభాగం అమ్మాయి తోపుడు బండి మీద తన అట్టపెట్టెను తోసుకుంటూ వచ్చింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"కొంప మునిగిందమ్మా. పీకితే పీకాను గానీ, పెడితే లేవట్లేదు" అని జరిగిందంతా చెప్పాడు.

ఆ అమ్మాయి వంగి పెట్టె వంక చూసింది. "శాసనాలూ అణువూ ఒకే పెట్టెలో ఎలా ఉంటాయి సార్?"

సమాధానం చెప్పేలోపు మళ్ళీ ఫోను. ఈసారి ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు. "నల్ల పెట్టె మా శాఖది. నేనిప్పుడు అందులోకి లాగిన్ అయ్యే మాట్లాడుతున్నాను."

తాళాలాయన ఆరిపోయిన దీపం వంక చూశాడు. "ఇప్పుడే అండీ? ఎలా నడుస్తోంది సార్?"

"గుర్రంలా పరిగెడుతోందయ్యా!"

ఫోను పెట్టేసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈయన మాట పచ్చి అబద్ధం, అంతవరకూ ఖాయం. మరి మిగతా ఇద్దరి సంగతి? వాళ్ళూ అబద్ధమే ఆడుతున్నారని తేల్చాలంటే ముందు తాను ప్లగ్గు పీకిన సంగతి ఒప్పుకోవాలి. ఒకవేళ అణువు నిజమైతే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవాలి. కక్కలేకా మింగలేకా తాళాలాయన మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

ఈలోపు సంగతి రిజిస్ట్రారు చెవిన పడింది. రిజిస్ట్రారుకి ఉత్తర్వులివ్వడమంటే ఆకలేసినప్పుడు అన్నం తిన్నంత ఇష్టం. ముగ్గురు ప్రొఫెసర్లనూ వెంటేసుకుని సర్వర్ గదికి వచ్చాడు. వెనకాలే ఓ కాపలావాడు స్టూలు మోసుకుంటూ వచ్చాడు.

"మూడు శాఖల ప్రాణం ఒకే పెట్టెలో ఉందన్నమాట! ఇంతకాలం నాకెవరూ చెప్పలేదేం?" అన్నాడు రిజిస్ట్రారు. ప్రొఫెసర్లు ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు. ఎదుటివాడి మాట బూటకమంటే తమ మాట గురించి కూడా అడుగుతారు. కాబట్టి ముగ్గురూ కలిసి తలూపారు. పొద్దున్నుంచీ ఒకే అర కోసం కొట్టుకుంటున్నవాళ్ళు చిటికెలో అన్నదమ్ములైపోయారు.

రిజిస్ట్రారు ఉత్తర్వులు మొదలుపెట్టాడు. ఈ పెట్టెను ఎవరూ ముట్టుకోకూడదు. ఇది ఎక్కడుంటే అక్కడ కాపలా ఉండాలి. కాపలావాడు వెంటనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఇంత విలువైన పెట్టె ఒక్కటే ఉంటే ప్రమాదం. దీనికి జోడుగా ఇంకోటి కొందాం. పక్క అరలో పెట్టించండి."

"పక్క అర ఖాళీ లేదండీ" అన్నాడు తాళాలాయన.

"ఎవరిది?"

తాళాలాయన ఆ అమ్మాయి వంక చూశాడు. ఆ అమ్మాయే చెప్పింది. "మాదండీ. వినికిడి విభాగానిది."

"ఒక్క శాఖ ముఖ్యమా, మూడు శాఖలు ముఖ్యమా? ఖాళీ చేయించండి."

అర అడగడానికి వచ్చిన పిల్లకి ఉన్న అర కూడా ఊడింది. బండి పిడి పట్టుకుని ఆ అమ్మాయి అలాగే నిలబడిపోయింది. "పిల్లల ఏడుపులన్నీ ఆ పాత సర్వర్‌లోనే ఉన్నాయి సార్" అంది. ఆ మాట రిజిస్ట్రారుతో కాదు, తాళాలాయనతో అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అది చూసి తట్టుకోలేకపోయాడాయన. నిన్న ఇచ్చిన మాట గుర్తొచ్చింది. పోతే ఉద్యోగం పోతుంది, ఈ పిల్ల ముందు తలదించుకుని బతకడం కంటే అదే నయమనిపించింది.

"అయ్యా, ఆ పెట్టె పొద్దుట నుంచీ ఆగిపోయే ఉంది. నేనే ప్లగ్గు పీకాను."

కాపలావాడు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

రిజిస్ట్రారు మెల్లగా ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు వైపు తిరిగాడు. "మీరు ఇందాక దారిలో, లాగిన్ అయి ఉన్నానన్నారు..."

"అదే నేనూ అనుకుంటున్నాను, కాస్త నెమ్మదించిందేమిటా అని" అన్నాడాయన.

రసాయనశాస్త్రం మేడమ్ మాత్రం వెనక్కి తగ్గలేదు. "అయితే మా అణువుని చంపేశావన్నమాట!" అని విరుచుకుపడింది. మా శాసనాలు కూడా అంటూ చరిత్ర ప్రొఫెసరు గొంతు కలిపాడు. రిజిస్ట్రారు మొహం కందగడ్డలా అయింది. "ఈ నిమిషం నుంచీ నువ్వు..." అని మొదలుపెట్టాడు.

"ఏ శిక్షైనా వేయండి సార్" అని తాళాలాయన చేతులు జోడించాడు. "వేసేముందు ఒక్కసారి మూత తీసి చూడనివ్వండి. ఇన్నేళ్ళుగా దీని లోపల ఏముందో తెలియక చస్తున్నాను. తెలుసుకునే ఇంటికి పోతాను."

ఉద్యోగం ఊడే ముందు కూడా మనిషి అడిగే కోరిక ఇదా అని రిజిస్ట్రారు ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యంతో పాటు ఆయనకీ చిన్న కుతూహలం పుట్టింది. తలూపాడు. తాళాలాయన మరలు విప్పుతుంటే అందరూ ముందుకు వంగారు. కాపలావాడు స్టూలెక్కి మరీ చూశాడు.

మూత లేచింది. లోపల ఏమీ లేదు.

ఏమీ లేదంటే బొత్తిగా లేకపోలేదు. ఓ మూల, ఇందాక ప్లగ్గు మళ్ళీ పెట్టినప్పుడు మాడిపోయినట్టున్న పవర్ డబ్బా, దానికి తగిలించిన ఓ బుల్లి ఫ్యాను, పచ్చ దీపం తాలూకు తీగ, బోలెడంత దుమ్ము. పైన పటారం, లోన లొటారం. ఎప్పుడో ఏ పాత ఇన్‌చార్జో లోపలి సామానంతా వేరే సర్వర్ల మరమ్మత్తులకి వాడేసి, ఖాళీ సందులోంచి చల్లగాలి వృథాగా పోకుండా డొల్ల పెట్టెను అడ్డం పెట్టి ఉంటాడు.

తాళాలాయన లోపలికి తొంగి తొంగి చూస్తూ "ఇదా!" అన్నాడు. కొంచెం నిరాశ, కొండంత నెమ్మది.

"ఇంతకీ ఇది ఎవరిది?" అన్నాడు రిజిస్ట్రారు.

"మాది నల్లదే గానీ మరీ ఇంత నలుపు కాదు" అన్నాడు చరిత్ర ప్రొఫెసరు. తమ అణువు ఇంకో ర్యాకులో ఉన్నట్టు ఇప్పుడిప్పుడే గుర్తొస్తోందంది రసాయనశాస్త్రం మేడమ్. ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు కోసం వెతికితే, ఆయన అప్పటికే తలుపు దాటి వెళ్ళిపోయాడు.

"ఎవరిదీ కాకపోతే అర ఖాళీ అయినట్టేగా సార్?" అంది ఆ అమ్మాయి.

కాదనడానికి రిజిస్ట్రారు దగ్గర ఉత్తర్వేదీ మిగల్లేదు. జోడు పెట్టె సంగతీ, తాళాలాయన్ని చేయబోయిందేమిటో కూడా మరిచిపోయినట్టు నటించి గొంతు సవరించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం సంస్థవాళ్ళు వచ్చేసరికి మూడో ర్యాకులో కొత్త సర్వర్ దీపాలన్నీ వెలిగించుకుని కూర్చుంది. పరీక్ష కోసం ఆ అమ్మాయి ఒక రికార్డింగు పెట్టింది. ఇనుప ర్యాకుల మధ్య ఓ పసిబిడ్డ కేరుమంది. అంత పెద్ద హోరులోనూ ఆ గొంతు స్పష్టంగా వినిపించింది.

తాళాలాయన దగ్గరికి జరిగాడు. "ఈ పాపకి వినపడుతుందామ్మా?"

"తెలీదు సార్. అది తేల్చడానికేగా ఇదంతా. పొద్దుటికల్లా సర్వర్ చెబుతుంది."

"అయితే నేను రేపు పెందలాడే వస్తాను" అన్నాడాయన. వచ్చాడు కూడా.

నల్ల పెట్టెను మాత్రం సామాను గదిలో చోటు లేక వరండాలో పెట్టారు. కాపలా ఉత్తర్వు ఇంకా రద్దు కాలేదు కాబట్టి కాపలావాడు కూడా స్టూలుతో సహా వరండాలోకి మారాడు.