అద్దాల తొట్టికి చెరువు వైద్యం

ఆదివారం కనుక టిఫిను తిని మధ్యాహ్నం దాకా పడుకోవాలని భాస్కరం ఆలోచన. భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే లాబ్ అతనిది. పడుకునేముందు కింద వాటాలోని గోల్డ్‌ఫిష్‌కు మేత వేస్తే చాలు. అన్నవరం వెళుతూ ఇంటి ఓనరు సీతారామలక్ష్మిగారు దాన్ని అతనికి అప్పగించారు. పోయిన భర్త ముద్దుగా పెంచుకున్న చేప అది. "మీ చేతిలో పెడితే నాకు బెంగుండదండి" అన్నారు.

తీరా వెళ్ళి చూస్తే చేప పైకి తేలి నోరు తెరుస్తోంది. నీళ్ళు పరీక్షిస్తే అమ్మోనియా. మూడు రోజులుగా పొద్దున తను, సాయంత్రం భార్య ఇంద్రజ, ఒకరికి తెలియకుండా ఒకరు వేసిన మేత అడుగున కుళ్ళుతోంది.

"సగం నీళ్ళు తీసి, మేడ మీద పట్టి ఉంచిన నిలవ నీళ్ళు పోస్తే సరిపోతుందేమోనండి" అంది ఇంద్రజ.

"వైద్యం అయ్యేదాకా నువ్వు నోరు మెదపకు" అన్నాడు భాస్కరం.

మందు ఎకరానికి ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వంద లీటర్లకు ఎంతో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చెరువుల్లో అమ్మోనియా తగ్గడానికి రైతుల కోసం పులియబెట్టిన బెల్లం, తవుడు నీళ్ళు ఉజ్జాయింపుగా ఒక చెంబుడు పోశాడు. పది నిమిషాల్లో తొట్టినిండా నురగ లేచింది. కంగారుపడి లాబ్‌కు వెళ్ళి, అమ్మోనియాను పీల్చే జియోలైట్ పొడి తెచ్చి గుప్పెళ్ళతో చల్లాడు. నీళ్ళు మజ్జిగయ్యాయి.

అప్పుడు సీతారామలక్ష్మిగారి ఫోను. దర్శనం తొందరగా అయిపోయిందట, తణుకు దాటారట.

భాస్కరం చేప కోసం తొట్టి మీద పడ్డాడు. చెయ్యిపెట్టి దేవాడు, నీళ్ళన్నీ తోడేశాడు. అడుగున గులకరాళ్ళు తప్ప ఏమీ లేదు. నురగతో పాటు పొర్లిపోయిందేమోనని సోఫా కింద కూడా వెతికాడు. ఇంద్రజకు చెప్పడానికి మొహం చెల్లలేదు. ఊళ్ళో నలభై చెరువులు కాపాడినవాడు ఒక్క చేపను కాపాడలేకపోయాడు. సీతారామలక్ష్మిగారి మొహం తలచుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

గేటు చప్పుడైంది. సీతారామలక్ష్మిగారు ఖాళీ తొట్టిని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"నేనే చంపేశానండి" అన్నాడు భాస్కరం.

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. ఇంతలో మేడ మీది నుంచి ఇంద్రజ బకెట్‌తో దిగింది. అందులో చేప హాయిగా తిరుగుతోంది. భర్త లాబ్‌కు వెళ్ళగానే దాన్ని నురగలోంచి తీసి నిలవ నీళ్ళలో వేసిందట.

"మరి చెప్పవేం?" అన్నాడు భాస్కరం.

"నోరు మెదపొద్దన్నారు కదండీ. వైద్యం అయిందా?"

వచ్చే నెల కాశీ ప్రయాణానికి ఇంటి తాళం ఎవరికివ్వాలో సీతారామలక్ష్మిగారు అప్పుడే తేల్చేసుకున్నారు.

మర్నాడు రొయ్యలు తేలుతున్నాయంటూ ఓ రైతు లాబ్‌కు పరుగెత్తుకొస్తే, భాస్కరం మొదట అడిగింది మీ ఇంట్లో ఆవిడ ఏమంటున్నారని.