అన్నాచ్చి అన్నవాహిక

"రాజపాళయం పెద్దలారా, తల్లులారా! ఆసియా ఖండంలో ఏ ఊరి గొంతుకూ దక్కని మర్యాద మన గొంతుకు దక్కినాది!"

ఈ చారిత్రక ప్రకటన నా మైక్ సెట్‌లోంచే వెలువడిందని చెప్పుకోవడానికి గర్విస్తున్నాను. చేసినవారు మా పార్టీ నగర కార్యదర్శి మహేశ్వరన్, ఊరందరికీ అన్నాచ్చి, అంటే పెద్దన్న. సందర్భం, మింగింది గొంతు నుంచి కడుపుకు ఎలా దిగుతోందో చూడటానికి మా ఆస్పత్రికి వచ్చిన హై రిజల్యూషన్ మానోమెట్రీ మెషిన్. దాని పేరు పలకడానికి అన్నాచ్చి మూడుసార్లు ప్రయత్నించి, ప్రజల సౌకర్యం కోసం "మన మెషిన్" అని మార్చేశారు. ఇచ్చింది ఒక మిల్లు ఓనరు. ఫ్లెక్సీలో ఆయన ఫోటో కూడా ఉందని, అన్నాచ్చి మోచేతి దగ్గర వెతికితే కనిపిస్తుందని జనం అన్నారు.

మెషిన్ వచ్చి చాలా నెలలైంది. కానీ ఓపెనింగ్ కానిదే వాడకూడదు కదా! మంత్రిగారు డేట్ ఇవ్వలేదు. మెషిన్ ముసుగేసుకుని కూర్చుంది. దాని ఎదుటి బెంచీ మీద మా మేనత్త పాప్పమ్మాళ్ కూర్చుంది. ఆమెది చోళపురం. తిన్న ముద్ద గొంతు దిగక గంజినీళ్లతో ప్రాణం నిలబెట్టుకుంటోంది. నేను కనిపిస్తే చాలు, "ఒరే సుందరా, ఆ ముసుగు ఎప్పుడు తీస్తారంట?" అనేది.

చివరికి అన్నాచ్చి త్యాగానికి సిద్ధపడ్డారు. ఓపెనింగ్ తానే చేస్తానన్నారు. అంతటితో ఆగలేదు. మొదటి పేషెంటు కూడా తానే అన్నారు! అభ్యర్థుల లిస్టు వచ్చే సమయం. టికెట్ అడిగేవాడికి గుండె చూపించడం పాత పద్ధతి, తాను అన్నవాహిక చూపిస్తానన్నారు. వీధిలో ఎల్‌ఈడీ తెర కట్టించారు.

ఆ రోజు మెషిన్‌కు దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మిల్లులో కొత్త యంత్రమొస్తే చేసినట్టే అన్నీ చేసి, అన్నాచ్చి అనుచరుడు ముత్తుకుమార్ గంధం గిన్నెతో ట్యూబు మీదికి వెళ్లాడు. డాక్టర్ వైష్ణవి అడ్డం పడింది.

"అయ్యో, దానికి పూయకండి! ముక్కులోంచి కడుపులోకి పోయే ట్యూబు అది."

"గంధం చల్లన గదా డాక్టరమ్మా, లోపలికి పోతే మంచిదే."

ట్యూబు గంధం లేకుండానే వెళ్లింది. అన్నాచ్చి పడుకున్నారు. చెప్పినప్పుడు మాత్రమే గుక్కెడు నీళ్లు మింగాలి, మధ్యలో మాట్లాడకూడదు అంది డాక్టరమ్మ. అన్నాచ్చి మాట్లాడకుండా ఉండటం మా ఊరు మొదటిసారి చూసింది. కొందరికి కళ్లు చెమర్చాయి.

తెర మీద రంగులొచ్చాయి. ప్రెషర్ ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట నీలం. కింద ఒక ఎర్రటి పట్టీ, మిగతా అంతా నీలం.

ముత్తుకుమార్ కెవ్వుమన్నాడు. "డాక్టరమ్మా! నీలం ఎదిర్ కట్చి జెండా రంగు, ప్రతిపక్షం వాళ్లది! అన్నాచ్చి కడుపులో అది ఎట్లా వచ్చినాది? తీసేయండి!"

"అది ప్రెషర్ లేని చోటు."

"అన్నాచ్చికి ప్రెషర్ లేదా? పొద్దున లేస్తే చెన్నై నుంచి ప్రెషరే గదా!"

డాక్టరమ్మ మళ్లీ నీళ్లు మింగించింది, మళ్లీ మళ్లీ మింగించింది. మింగిన ప్రతిసారీ పై నుంచి కిందికి ఒక గీత దిగాలట, కింది పట్టీ తెరుచుకోవాలట. గీత దిగలేదు, పట్టీ కదల్లేదు. అప్పుడు నేను సమయస్ఫూర్తితో మైకందుకున్నాను. "చూడండి! ఏ ఒత్తిడికీ తెరుచుకోని తలుపు! ఇదీ నాయకుడి లక్షణం!" వీధి వీధంతా చప్పట్లు కొట్టింది.

ట్యూబు తీశాక, తెర ఆపించి, డాక్టరమ్మ మెల్లగా అడిగింది. "అన్నాచ్చీ, తిన్నది దిగడం లేదా?"

అన్నాచ్చి అటూ ఇటూ చూశారు. "రెండేండ్ల నుంచీ సోడాతో తోస్తా ఉండాను తల్లీ."

"దీన్ని అకలేసియా అంటారు. అన్నవాహిక కింది కండరం వదలడం లేదు. మదురైలో ఆ కండరం కోస్తారు. మళ్లీ హాయిగా తినొచ్చు. ఆలస్యం చేస్తే ఇంకా చిక్కిపోతారు."

"ఇప్పుడా? సీక్కాళి, రోగిష్టివాడు అని తెలిస్తే నాకు టికెట్ ఇస్తారా? లిస్టు రానీ. సుందరా, నార్మల్ అని చెప్పు."

చెప్పాను. నా స్పీకర్లు సత్రపట్టి దాకా వినిపిస్తాయి.

ముసుగు తీశారు గనక మర్నాడే మా అత్తకు టెస్టు అయింది. అదే జబ్బు, అదే ఎర్ర పట్టీ. ఆమెకు టికెట్ వచ్చే అవకాశం లేదు కాబట్టి నేరుగా మదురై తీసుకెళ్లాను. ఆపరేషన్ అయి తిరిగొచ్చాక అత్త ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుని, అది దిగుతుంటే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు!

అన్నాచ్చి నార్మల్ అయినందుకు పాత బస్టాండు దగ్గర అభినందన సభ జరిగింది. మా పార్టీలో నాయకుడి నోట్లో కార్యకర్తలు స్వయంగా లడ్డూ పెట్టాలి. పెట్టకపోతే అభిమానం లేనట్టు, తినకపోతే అహంకారం ఉన్నట్టు. ముత్తుకుమార్ గుప్పెడంత లడ్డూ కుక్కాడు.

అన్నాచ్చి కళ్లు పెద్దవయ్యాయి. మునివేళ్ల మీద లేచారు. రెండు చేతులూ ఆకాశానికెత్తి, మెడ వెనక్కి వంచి, రొమ్ము విరిచి నిలబడ్డారు. ముత్తుకుమార్‌కు ఏమీ అర్థం కాలేదు, కానీ వెనకబడటం అతని రక్తంలో లేదు. తానూ మునివేళ్ల మీద లేచి రెండు చేతులూ ఎత్తాడు. వేదిక మొత్తం ఎత్తింది. వేదిక కింద జనమూ ఎత్తారు.

మా అత్త మెట్లెక్కి వచ్చి నా మైకు లాక్కుంది. "ఇది దండం కాదురా! ఆయనకు లడ్డూ అడ్డం పడినాది! ముద్ద దిగాలని నేను గూడా ఇంట్లో ఇట్లే చేసేదాన్ని. నీళ్లియ్యండిరా!"

"విన్నారా?" అన్నాడు ముత్తుకుమార్. "చోళపురంలో అవ్వలు గూడా ఇంట్లో మన సల్యూట్ చేస్తా ఉండారు!"

చప్పట్ల మధ్య ఎవరో నీళ్లిచ్చారు, లడ్డూ ఎలాగో దిగింది.

వారం తిరగకముందే చెన్నై పెద్దలు ఆ సల్యూట్‌ను రాష్ట్రమంతటికీ ఖాయం చేశారు. షేర్ ఆటో డ్రైవర్లు కూడా రెండు చేతులూ ఎత్తుతుంటే వద్దని పోలీసులు బతిమాలుకున్నారు. అన్నాచ్చి రోజూ సభలకు వెళ్లి, రోజూ లడ్డూలు తిని, రోజూ సల్యూట్ చేశారు. చొక్కా మాత్రం కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

లిస్టు వచ్చింది. టికెట్ ముత్తుకుమార్‌కు. పెద్దలు కారణం కూడా దయతో చెప్పారు. సల్యూట్ ముత్తుకుమార్ శుభ్రంగా చేస్తున్నాడట, మహేశ్వరన్ మధ్యలో దగ్గుతున్నాడట.

నా బండి వెనక కూర్చోబెట్టుకుని అన్నాచ్చిని ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఆయన పిల్లాడిలా ఏడుస్తున్నారు. "డాక్టరమ్మా, ఇంక నాకేమీ వద్దు. పిడికెడు అన్నం తినేటట్టు చేయి, చాలు."

"రేపే మదురై వెళ్దాం. వాళ్లతో మాట్లాడేశాను" అంది ఆమె.

అప్పుడే ఫోను మోగింది. ముత్తుకుమార్. గొంతు బయటికి వినిపిస్తోంది. "అన్నాచ్చీ, సల్యూట్ మొదలుపెట్టినవాళ్లు మీరు. పోలింగ్ దాకా జీపులో నా పక్కన నిలబడాల. జనం మిమ్మల్నే అడుగుతా ఉండారు."

అన్నాచ్చి కన్నీళ్లు తుడుచుకున్నారు. నిటారుగా కూర్చున్నారు.

"డాక్టరమ్మా, ఆపరేషన్ అయినాక ముద్ద సాఫీగా దిగుతాదా?"

"దిగుతుంది."

"అప్పుడు చేతులెత్తే పని ఉండదా?"

"ఉండదు. ఆ బాధే ఉండదు."

ఆయన డాక్టరమ్మ రాసిచ్చిన చీటీని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు. లేచారు. ఆస్పత్రి బయట జీపు హారన్ కొడుతోంది.

మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యి వేశారు.

"సుందరా, లడ్డూలు పట్టుకున్నావా?"