యజమాని కోరిన కాగితాలు

అప్పు లేని ఇల్లే ఇల్లు, తక్కినవన్నీ ఉత్త గోడలు! ఈ మహత్తర సత్యాన్ని మా కాలనీ సంఘం అధ్యక్షుడి హోదాలో, మైకు పట్టుకుని, లోకానికి ప్రకటించినవాణ్ణి నేనే. ప్రకటించి ఊరుకున్నానా? మా గేటుకు ‘ఋణవిముక్త నిలయం’ అని నల్లరాతి ఫలకం కూడా బిగించాను. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లలో మా ఆవిడ ముందు వరసలో ఉంది.

ఇందులో ఒక్కటే చిన్న లోపం. అప్పు తీరలేదు.

నన్ను తొందరపడి తిట్టకండి. మా ఆవిడ కుట్టుపని చేస్తుంది. నాలుగేళ్లపాటు మిషను మీద వంగి సంపాదించిందంతా “ఇంటప్పుకి కట్టేయండి” అని నెలనెలా నా చేతిలో పెట్టింది. కట్టేద్దామనే బయల్దేరేవాణ్ణి. కానీ కాలనీ అధ్యక్షుడు కాలినడకన తిరిగితే కాలనీ పరువేం కాను? అందుకని కారు కొన్నాను. కారెక్కడిదంటే ఆఫీసులో బోనస్ అన్నాను. అప్పేమైందంటే తీరిపోయిందన్నాను. నెల వాయిదా మాత్రం నా జీతంలోంచి నోరు మెదపకుండా కోతపడుతూనే ఉంది. రెండు మాటలూ ఆవిడ నమ్మింది. నన్ను నమ్మడం ఆవిడకి మొదటినుంచీ అలవాటు.

ఇలా హాయిగా రోజులు దొర్లిపోతుండగా, ఒక ఆదివారం మెడలో టేపు వేసుకుని నా ముందుకొచ్చింది.

“ఏమండీ, మేడ మీద రెండు గదులేసుకుందాం. పదిమంది ఆడపిల్లలకి కుట్టు నేర్పిస్తాను. ప్లాను పాసవ్వాలంటే ఇంటి కాగితాలు కావాలట. ఎక్కడ పెట్టారు?”

“చాలా భద్రంగా ఉన్నాయి,” అన్నాను. అబద్ధం కాదు. బ్యాంకు కంటే భద్రమైన చోటేముంది!

“నెలాఖరులోగా ఇవ్వకపోతే ఈ ఏడాదికి ఇంతేనట. పెళ్లయినప్పట్నుంచీ అనుకుంటున్నానండీ,” అంది.

బాకీ ఎంతో కనుక్కుని, ఆఫీసులో చేబదులు తీసుకుని, గుట్టుచప్పుడు కాకుండా తీర్చేసి, కాగితాలు బీరువాలో ఎప్పట్నుంచో ఉన్నట్టు పెట్టేయాలి. అంతే కదా! మర్నాడే బ్యాంకుకు పరిగెత్తాను. లోపల గోడ మీద ‘పారదర్శకతే మా ఊపిరి’ అని మనిషెత్తు అక్షరాలున్నాయి.

“నా ఇంటి మీద బాకీ ఎంతుందండీ?” అని మేనేజరుగారిని అడిగాను.

“అది గోప్యమండీ.”

“నా బాకీ నాకే గోప్యమా!”

“మీకొక్కరికే అనుకోకండి. అందరికీ గోప్యమే. మా దగ్గర పక్షపాతం ఉండదు.”

“పోనీ, కాగితాల నకళ్లయినా ఇప్పించండి.”

“దానికేం, ఇస్తాం. ఆ ఇల్లు మీదేనని రుజువు పట్రండి.”

“రుజువంటే ఆ కాగితాలే కదండీ! మీ దగ్గరే ఉన్నాయి!”

“అయితే ఇంకేం? అవి తెచ్చి చూపించండి, ఇచ్చేస్తాం.”

పారదర్శకం అంటే ఎదురుగా ఉన్నా కంటికి కనబడనిది అని అప్పుడు అర్థమైంది. అయినా పట్టు వదలకుండా నాలుగు రోజులు తిరిగాను. నాలుగు రోజులూ ఒకే జవాబు వచ్చింది: ‘మీ అర్జీ పరిశీలనలో ఉన్నది.’

అయిదో రోజు, తలుపు వెనక అంటించిన ఓ పాత కాగితం నా కంటబడింది. ‘ఆస్తి యజమాని రాతపూర్వకముగా కోరినచో, ఏడు దినములలోగా బాకీ వివరమును, పత్రముల నకళ్లను యజమానికి అందజేయవలెను.’

ఇంకేముంది! అక్కడే బల్ల మీద కూర్చుని ప్రధాన కార్యాలయానికి నాలుగు పేజీలు దంచాను. ‘అయ్యా! ఒకరి కష్టార్జితాన్ని గుప్పిట్లో పెట్టుకుని, లెక్క చెప్పకుండా తిప్పడం నయవంచన కాదా? తన సొమ్ము ఎటు పోయిందో తెలుసుకునే హక్కు యజమానికి లేదా? దాపరికం ద్రోహం కాదా?’ పదకొండు చోట్ల ‘యజమాని’ అని రాసి, పదకొండింటి కిందా గీతలు గీశాను. రాస్తుంటే నాకే కన్నీళ్లాగలేదు.

అర్జీ పంపిన ఆరో రోజున మేనేజరుగారు స్వయంగా మా ఇంటికే వచ్చారు, చంకలో ఫైలుతో! నా కలం బలం చూశారా? మెట్ల మీదే ఎదురెళ్లి చెయ్యి చాపాను.

“ఇలా ఇచ్చేయండి.”

“యజమానికే ఇచ్చి సంతకం తీసుకోమని పైనుంచి ఆర్డరండీ.”

“నేనే యజమానినయ్యా!”

“ఇంట్లో యజమాని మీరే అయ్యుండొచ్చు సార్. ఇంటికి యజమాని మాత్రం మేడమ్‌గారు.”

రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుందని ఇల్లు ఆవిడ పేరున రాయించి, ఆ సంగతి ఆ సాయంత్రమే మరిచిపోయిన మహానుభావుణ్ణి నేను. ఇంతలో కత్తెరతో సహా ఆవిడ రానే వచ్చింది. మేనేజరుగారికి పారదర్శకత పూనింది! వద్దన్నకొద్దీ పైకి చదివారు: ఇంత బాకీ ఉంది, నెల వాయిదా తప్ప ఏనాడూ అదనంగా పైసా జమ కాలేదు, ఇవిగో నకళ్లు.

“ప్లానుకి ఈ నకళ్లు, మా ఉత్తరం సరిపోతాయి మేడమ్. మీరొచ్చి అడిగుంటే మొదటిరోజే ఇచ్చేవాళ్లం,” అని సంతకం తీసుకుని వెళ్లిపోయారు.

ఫైల్లో చివరన నా అర్జీ ఉంది. ఆవిడ నిలబడే నాలుగు పేజీలూ చదివింది. ఆవిడ కళ్లలో నీళ్లు లేవు. ఉన్నా బాగుండేది, నాకు అంత సిగ్గేసేది కాదు.

“చాలా బాగా రాశారండీ,” అంది.

తర్వాత పెన్ను తీసుకుని పైన ‘ప్రధాన కార్యాలయం వారికి’ అన్నది కొట్టేసి ‘మా శ్రీవారికి’ అని రాసింది. కింద నా సంతకం కొట్టేసి తన సంతకం పెట్టింది. నాలుగు పేజీల్లో ఇంకొక్క అక్షరం కూడా మార్చాల్సిన అవసరం రాలేదు.

“ఏడు రోజులు గడువు,” అని నా చేతిలో పెట్టి మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

బాగా ఆలోచించి, సగౌరవంగా జవాబు రాసి మిషను మీద పెట్టాను. ‘మీ అర్జీ అందినది. పరిశీలనలో ఉన్నది.’

ఆవిడ అది చదివి, నాలుగు మడతలు పెట్టి, పై అధికారికి పంపించేసింది. మా అత్తగారు రేపు పొద్దున్నే దిగుతున్నారు.