రబ్బరయ్యకి ఎవరూ లేరు

ఆ ఉదయం గొంతుగారు తన వంటగదిలో నిలబడి "నీళ్ళు... నీళ్ళు..." అని రెండేసార్లు మూలిగారు. పక్క వాటాలోని దర్జీ భార్య చెవిలో అది "నీళ్ళొచ్చాయి" అయింది. ఆవిడ నోటి నుంచి మెట్ల మీదికి వచ్చేసరికి "నీళ్ళు ఆగిపోతున్నాయి" అయింది. అంతే, మేడంతా లేచింది. పై అంతస్తు లెక్కల మాస్టారు సగం గడ్డంతో, సగం సబ్బుతో దిగారు. బకెట్లు బిందెలను, బిందెలు చెంబులను తోసుకుంటూ కుళాయి దగ్గరికి చేరాయి. కుళాయి తిప్పితే ఉస్సుమని గాలొచ్చింది.

నీళ్ళన్నదెవరని విచారణ మొదలైంది. గొంతుగారు తలుపు జానెడు తెరిచి, అది తానేనని, తన ఉద్యోగంలో భాగంగా దాహమేసిన రోగిలా మూలగడం సాధన చేస్తున్నానని ఒప్పుకున్నారు. మాస్టారు సబ్బు తుడుచుకుంటూ, "మీ సాధన మాకు వేధన" అన్నారు. ఆయన లెక్కల మాస్టారు కాబట్టి వత్తుల లెక్క మాత్రం తప్పారు. అందరూ గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. తలుపు వెనక ఒక మనిషి నీళ్ళు నీళ్ళని మూలుగుతుంటే, ఆ నీళ్ళు అతనికే కావాలేమోనన్న అనుమానం మాత్రం ఒక్క బకెట్టుకీ రాలేదు.

గొంతుగారు వెనకటికి రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరందరికీ ఆయన గొంతే చెప్పేది. ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు, ఆ మొహం తెలిసినవాళ్ళూ లేరు. అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని అందరి బండ్లూ ఆలస్యమని చెబుతూ చెబుతూ, తన పెళ్ళి విషయంలో తానే ఆలస్యంగా నడిచి, చివరికి రద్దయిన బండి ఆయన. రిటైరయ్యాక ఆ గొంతుకి ఎవరితోనూ పని లేకపోయింది. కూరలవాడితో "అరకిలో" అన్న మాట ఆ రోజుకి ఆయన చేసే మొదటి ప్రకటనా, ఆఖరి ప్రకటనా అయ్యేది.

అలాంటి ఆయనకి ఆసుపత్రి మూడో అంతస్తులో ఉన్న సిమ్యులేషన్ ల్యాబులో పని దొరికింది. దాన్ని అక్కడివాళ్ళంతా ఉత్తుత్తి వార్డు అంటారు. కొత్తగా చేరిన నర్సులు ప్రాణమున్న మనిషి మీద చెయ్యి వేయకముందు అక్కడ రబ్బరు మనిషి మీద చెయ్యి తిప్పుకుంటారు. ఆ బొమ్మకి నాడి కొట్టుకుంటుంది, గుండె లబ్‌డబ్‌మంటుంది, రెప్పలు పడతాయి. నర్సమ్మాయిలు దానికి రబ్బరయ్య అని పేరు పెట్టుకున్నారు. రబ్బరయ్యకి లేనిదల్లా మాట. ఆ మాట గొంతుగారిది. అటువైపు నుంచి కనబడని అద్దం వెనక, మళ్ళీ ఒక మైకు ముందు, ఆయన కూర్చుంటారు. అక్కడ ఆయన మూలిగితే ఇక్కడ రబ్బరయ్య మూలుగుతాడు.

కొత్త నర్సులు వచ్చి "ఎలా ఉంది బాబాయ్?" అని రబ్బరు చెయ్యి పట్టుకునేవారు. రబ్బరు నుదురు నిమిరేవారు. ఆదరణ రబ్బరుకి, ఆయాసం గొంతుకి. అయినా ఆయనకి అదే పదివేలు. గొంతుగారికి ఉన్న గొంతెమ్మ కోరికల్లా ఒకటే: రోగం కాస్త నెమ్మదిగా తగ్గాలి.

ల్యాబుని నడిపే శిక్షణ మేడమ్ ఆ రోజు ఆయనకి వరండాలోనే ఎదురయ్యారు. వచ్చే వారం నుంచి రబ్బరయ్యకి మాటల పెట్టె పెడుతున్నామని, మూలుగులూ జవాబులూ అన్నీ అందులోనే రికార్డయి ఉంటాయని చెప్పారు. "ఇక మీకు హాయిగా విశ్రాంతి" అన్నారు మంచి మనసుతో. విశ్రాంతికి గొంతుగారి ఇంట్లో కొదవ లేదు. ఉన్నదల్లా అదే. ఇదే తన ఆఖరి రోగమని అర్థమై, ఆయన తలూపారు.

పరీక్షకి వచ్చిన అమ్మాయిని అందరూ సారీ సిస్టరు అంటారు. సూది గుచ్చే ముందు సారీ, గుచ్చాక సారీ, తలుపు తగిలితే తలుపుకి సారీ. చదువంతా వచ్చు, చెయ్యే రాదు. క్రితంసారి బొమ్మ ముందు నిలబడి వణికిపోతే మేడమ్ పక్కన కూర్చోబెట్టుకుని, "అది బొమ్మని గుర్తుంచుకుంటే నువ్వు నర్సువి కాలేవమ్మా. ఆ గదిలో రోగి చెప్పిందే నిజం. నేను 'చాలు' అనేదాకా ఎవరూ వేషం విప్పకూడదు" అని నూరిపోశారు. ఆ పిల్ల ఆ మాటని మంత్రంలా మింగింది.

కేసు చిన్నదే. చక్కెర జబ్బున్న పెద్దాయనకి ఉన్నట్టుండి రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమట, తడబాటు, నోరెండిపోవడం. నర్సు కనిపెట్టి గ్లూకోజు ఇవ్వాలి. తేరుకున్నాక, ఇంటికి పంపేముందు, ఇంట్లో చూసుకునేవాళ్ళు ఎవరని అడగాలి. "కోడలుందమ్మా" అని రోగి అనాలి. పరీక్ష అయిపోతుంది. మాటల పెట్టె కింద గేటు దగ్గరికి వచ్చిందని కబురొస్తే మేడమ్ సంతకం పెట్టడానికి దిగుతూ, అంతా మామూలుగా కానివ్వమని గొంతుగారికి అప్పగించి వెళ్ళారు.

సారీ సిస్టరు వచ్చింది. తన చెయ్యి చల్లగా ఉన్నందుకు రబ్బరయ్యకి సారీ చెప్పింది. గొంతుగారు తడబడ్డారు, నీళ్ళడిగారు. ఈసారి నీళ్ళు నిజంగానే వచ్చాయి. చుక్క రక్తం తీసి చూసి, ఆ పిల్ల గ్లూకోజు ఎక్కించింది. మొదట వణికిన వేళ్ళు పోనుపోను కుదుటపడ్డాయి. గొంతుగారు మాత్రం తేరుకోవడానికి బద్ధకించారు. మందు ఎంత చురుగ్గా పనిచేస్తున్నా ఆయన అంత నిదానంగా కోలుకున్నారు.

"ఇంటికెళ్తే మిమ్మల్ని చూసుకోవడానికి ఎవరున్నారు బాబాయ్?" అంది చివరికి, రబ్బరు చెయ్యి వదలకుండా.

కోడలుంది అనడానికే ఆయన నోరు తెరిచారు. ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫారం మారిన బండిలా మాట పక్క పట్టాల మీదికెక్కేసింది.

"ఎవరూ లేరమ్మా."

సారీ సిస్టరు ఆగిపోయింది. చక్కెర పడిపోయే మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకూడదని చదువుకుంది. డాక్టరుని అడగాలని ఫోను తీసింది. ఉత్తుత్తి వార్డు ఫోను గొంతుగారు కూర్చునే అద్దాల గదిలో మోగుతుంది. అక్కడ మేడమే డాక్టరై పలుకుతారు. మేడమ్ కింద ఉన్నారు. ఫోను గొంతుగారి మోచేతి పక్కన గింగిరాలు కొడుతోంది. ఎత్తితే ఇదే గొంతు. రోగి తన రోగానికి తానే డాక్టరుగా పలికితే ఆ పిల్ల పరీక్ష గంగలో కలిసినట్టే. ఆయన చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

ఎవరూ ఎత్తని ఫోను ఆ ఆసుపత్రిలో తనంతట తానే ఎక్స్ఛేంజికి పోతుంది. పెద్దాయన కేసని విని ఎక్స్ఛేంజావిడ దాన్ని ముసలివాళ్ళ వార్డులోని పెద్ద సిస్టరుకి కలిపింది. ఆ గొంతులన్నీ పరీక్షలో భాగమే అనుకుంది సారీ సిస్టరు. వేషం విప్పకూడదు కాబట్టి ఉత్తుత్తి అన్న మాట ఎత్తలేదు. మూడో అంతస్తు, ఒకటో మంచం, పెద్దాయన, ఇంట్లో ఎవరూ లేరట అని చెప్పింది. పెద్ద సిస్టరుది వెన్నలాంటి మనసు. ఎవరూ లేకపోతే మేం లేమా అని, తన వార్డులో మంచం వేయించి, స్ట్రెచరిచ్చి ఇద్దరిని పైకి పంపింది.

వాళ్ళు రబ్బరయ్యని కాళ్ళ దగ్గరొకరు, భుజాల దగ్గరొకరు పట్టుకున్నారు.

"బాగా చల్లబడిపోయాడన్నా."

"ఇందాకటిదాకా మాట్లాడాడంటున్నారుగా. ఎత్తు."

గొంతుగారికి ముచ్చెమటలు పోశాయి. ఈ చెమట ఉత్తుత్తిది కాదు. మేడమ్ 'చాలు' అనలేదు, అనేవాళ్ళెవరూ అక్కడ లేరు. అయినా మైకు పట్టుకుని, "అమ్మా, నేను బొమ్మనమ్మా. నన్ను తీసుకెళ్ళొద్దు" అన్నారు.

తికమక మాటలు మళ్ళీ మొదలయ్యాయంటే చక్కెర మళ్ళీ పడిపోయిందని సారీ సిస్టరు ఇంకో సీసా గ్లూకోజు తగిలించింది. తన పెదనాన్న కూడా ఒంట్లో బాగాలేనప్పుడు తాను కుర్చీనని అనేవాడని, మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదని స్ట్రెచరు ముందువైపు అతను చెప్పాడు. ఆ పిల్ల రబ్బరయ్య చెవి దగ్గరికి వంగింది.

"ఎవరూ లేనంత మాత్రాన మనిషి బొమ్మయిపోడు బాబాయ్. నేనొస్తున్నాగా మీతో."

తలుపు తీసుకుని బయటికి పరుగెత్తాలని లేచిన గొంతుగారు ఆ మాట విని మళ్ళీ కూర్చుండిపోయారు.

రబ్బరయ్యకి తీగలు లేవు. ఆసుపత్రిలో ఎక్కడికి తీసుకెళ్ళినా ఇక్కడి మాట అక్కడ వినిపిస్తుంది, అక్కడి మాట ఇక్కడ వినిపిస్తుంది. లిఫ్టు దిగిన చప్పుడు, చక్రాల కిర్రుకిర్రు, పెద్ద సిస్టరు ఆజ్ఞలు అన్నీ గొంతుగారికి వినబడ్డాయి. గడ్డం దాకా దుప్పటి కప్పారు, ముక్కుకి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఆ వేషంలో రబ్బరయ్య పక్క మంచాలవాళ్ళ కంటే ఆరోగ్యంగా కనిపించాడు. పెద్ద సిస్టరు వేరే మంచం వైపు వెళ్ళగానే, పక్క మంచం మీది కాలు విరిగిన ముసలాయన మాట కలిపాడు.

"ఏమండీ, మీకెవరూ లేరటగా."

గొంతుగారు మైకు కేసి చూశారు. కట్టేద్దామని స్విచ్చి మీద వేలు పెట్టారు. వేలు పెట్టి, "లేరండీ" అన్నారు.

"నాకు బోలెడుమంది ఉన్నారు. ఎవరూ రారు. ఇద్దరం ఒకటే లెండి."

ఆ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నది పెద్ద విషయమేమీ కాదు. రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం, ఒక్కడికి వండుకుంటే ఉప్పు ఎప్పుడూ కుదరకపోవడం, రేడియో కట్టేశాక ఇల్లు మరీ పెద్దదవడం. "మీ గొంతు ఎక్కడో విన్నానండీ" అన్నాడు ముసలాయన. అందరూ అదే అంటారని, ఎక్కడని ఎవరూ అడగరని గొంతుగారు చెప్పారు. ఎక్కడండీ అని ఆయన అడగనే అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు చాలా పొడుగ్గా నడిచింది. దారిలో అన్ని స్టేషన్లలోనూ ఆగింది.

ఈలోగా పెద్ద సిస్టరు తిరిగొచ్చి, కొత్త రోగిని పక్కకి తిప్పి పడుకోబెట్టాలని దుప్పటి తొలగించింది. నడుం దగ్గర చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఉద్యోగంలో ఆవిడ చూడని ఒళ్ళు లేదు.

"అమ్మాయ్," అంది సారీ సిస్టరుతో, గొంతు తగ్గించి, "ఈయనకి ఛార్జింగు పెట్టే చోటుంది."

సరిగ్గా అప్పుడే పైన శిక్షణ మేడమ్ మాటల పెట్టె చంకన పెట్టుకుని వచ్చి, మంచం మీద రబ్బరయ్య లేకపోవడం చూసి గుండె చేత్తో పట్టుకుని అద్దాల గది తలుపు తోశారు. లోపల గొంతుగారు ఏ రోగమూ లేకుండా, మైకుకి మొహం ఆనించి, నవ్వుతూ కబుర్లాడుతున్నారు.

ప్రతి పరీక్ష తర్వాతా అందర్నీ కూర్చోబెట్టి ఎవరేం చేశారో, ఎందుకు చేశారో చెప్పించడం మేడమ్ పద్ధతి. ఆ రోజు ఆ పంచాయితీ ముసలివాళ్ళ వార్డులోనే, రబ్బరయ్య మంచం చుట్టూ జరిగింది. ముందుగా మేడమ్ 'చాలు' అన్నారు. ఎత్తని ఫోను సంగతి, ఎక్స్ఛేంజి సంగతి, మంచి మనసు సంగతి ఒక్కొక్కటే బయటపడ్డాయి. స్ట్రెచరు మోసినవాళ్ళు, చల్లబడ్డాడని తాము ముందే అన్నామని సాక్ష్యం చెప్పారు. రబ్బరయ్యలో మాట్లాడినది ఎవరయ్యా అని అందరూ చూస్తే, మేడమ్ వెనక నుంచి బట్టతల పొట్టి మనిషి ఒకాయన బయటికి వచ్చారు. కాలు విరిగిన ముసలాయన ఆయన్ని ఎగాదిగా చూసి, "ఇంకాస్త పొడుగనుకున్నా" అన్నాడు.

మేడమ్ సారీ సిస్టరు వైపు తిరిగారు. ఆ పిల్ల సారీ చెబుతుందని అందరూ ఎదురుచూశారు.

"ఎవరూ లేరన్నారు మేడమ్. రోగి చెప్పిందే నిజమన్నారు మీరు. ఒంటరిగా నేనెలా పంపిస్తాను?" అంది. గొంతు వణకలేదు, చెయ్యీ వణకలేదు.

"కోడలుందనాలి కదండీ మీరు," అన్నారు మేడమ్, గొంతుగారితో.

"నాకు లేదండీ."

మేడమ్ చంకలోని మాటల పెట్టె కేసి చూశారు. దాన్ని వెయ్యిసార్లు అడిగినా కోడలుందనే అంటుంది. అడిగిన పిల్లలందరూ హాయిగా పాసవుతారు, ఒక్కరికీ ఫోను ఎత్తాల్సిన అవసరం రాదు. మూలుగులు పెట్టెకి వదిలేద్దామని, ఇంటి సంగతి అడిగే చోట మాత్రం గొంతుగారే వచ్చి కూర్చోవాలని, ఆ జవాబు తాము రాసివ్వబోమని మేడమ్ తేల్చేశారు. సారీ సిస్టరు పాసయింది. రబ్బరయ్యని తెచ్చిన స్ట్రెచరు మీదే మళ్ళీ ఎక్కించారు.

ఆ అమ్మాయి అప్పటిదాకా పట్టుకునే ఉన్న రబ్బరు చెయ్యి వదిలి, గొంతుగారి చెయ్యి పట్టుకుంది. అది కూడా చల్లగానే ఉంది.

"మీరెలా ఉన్నారు బాబాయ్?"

లోకంలో ఉన్న జబ్బులన్నిటినీ అచ్చు గుద్దినట్టు పలికించిన ఆ గొంతు, 'బాగానే ఉన్నానమ్మా' అన్న రెండు మాటలు మాత్రం వార్డులో ఒక్కరు కూడా నమ్మేలా పలకలేకపోయింది.