కనకం ఏరిన బొగ్గు

కనకానికి రావలసిన పేరు ఒక నూనె కొట్టేసింది. రైల్వే షెడ్డులో ఫిట్టరుగా రిటైరై బిలాస్‌పూర్ పక్కన లాల్‌ఖదాన్‌లో ఉంటున్న ఆమె భర్త సింహాచలానికి ఇందులో సందేహం లేదు.

ఆ నూనెని అక్కడి బొగ్గు పరిశోధన కేంద్రం వారు ద్రావకం అంటారు. బొగ్గుని పొడి కొట్టి అందులో మరిగించి వడగడితే జిగురు వస్తుంది. దానితో అల్యూమినియం ఫ్యాక్టరీలకి కార్బన్ కడ్డీలు చేస్తారు. దేశం ముందుకు పోతుంది.

కనకం అక్కడ రోజుకూలీ. గడ్డలు ఏరి మిల్లులో వెయ్యడం పని. నలభై ఏళ్లు బొగ్గుల కుంపటి ఊదిన మనిషి. "మెరిసీది, తేలిగ్గా ఉన్నది ఏస్తాను. మొద్దుగా, బరువుగా ఉన్నది పారేస్తాను. రాయి కరుగుతాదేటి?" అని మొగుడితో అనేది.

ఆవిడ ఏరినన్నాళ్లూ నూటికి డెబ్బై పాళ్లు కరిగింది. డైరెక్టర్ డాక్టర్ రవిచంద్ర ద్రావకం మహిమ మీద పరిశోధన పేపర్ అచ్చువేయించి, ఢిల్లీలో శాలువా కప్పించుకుని, "ఈ ద్రావకం జాతి సంపద!" అని కంటతడి పెట్టారు. పేపర్లో పదకొండు పేర్లున్నాయి. ఒకటి ఆయన తోడల్లుడిది. ఆ తోడల్లుడు బ్యాంకులో పనిచేస్తారు.

సింహాచలం వెళ్లి అడిగాడు.

"మా ఆవిడ పేరు కూడా ఎయ్యండి సార్."

"ఆవిడేం చదివారు?"

"బొగ్గు."

డైరెక్టర్ గారు నవ్వి టీ ఇప్పించారు.

మొన్న వేసవిలో కనకం జ్వరంతో పోయింది. బొగ్గు కరగడం మానేసింది. డెబ్బై కాస్తా పదిహేడుకి పడింది. ద్రావకాన్ని మూడుసార్లు మార్చారు. ఒక కమిటీ జపాన్ వెళ్లి ఫొటోలతో తిరిగొచ్చింది. మరో కమిటీ బిలాస్‌పూర్ ఎండకి బొగ్గు నీరసించిందని తేల్చింది. వాస్తు కోసం గేటు జరిపారు. చివరికి బాయిలర్ ముందు సత్యనారాయణ వ్రతం చేశారు. ప్రసాదం బాగుందని శాస్త్రవేత్తలు ఏకగ్రీవంగా అంగీకరించారు. గడ్డని చేతిలోకి తీసుకుని చూసే తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు.

అప్పుడు రవిచంద్ర సింహాచలం ఇంటికి వచ్చారు.

"అచ్ఛా, సింహాచలం గారూ, మీ ఆవిడ గడ్డల్లో ఏం చూసేవారండీ?"

"పేపర్లో పేరేస్తారా?"

"గేటు దగ్గర ఆవిడ పేరుతో చలివేంద్రం పెడతాం. పేపరంటే... దానికో స్థాయి ఉంటుంది కదండీ."

"అయితే నాకేటి తెలుస్తాది సార్? నాను రైల్వే మనిషిని."

తలుపు వేసేశాడు.

పాఠకులకి సంగతి తెలిసిపోయింది. నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. కనకం పేరు లేకుండా పేపర్ రాయడానికి పదకొండు మందికి అడ్డురానిది మీకెందుకు అడ్డొస్తుంది? సింహాచలాన్ని మాత్రం అడగొద్దు. చచ్చేదాకా ఆ మాట ఇంకెత్తడు.