తీగ చట్రంలో మామగారు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, దీపావళి వెళ్లిన రెండో రోజు పొద్దున, పాతబస్తీ దబీర్‌పురాలో ఫోటో స్టూడియో నడిపే బాలనర్సింహ ఒక పథకం వేసుకున్నాడు. పాలవాళ్లంతా తమ దున్నపోతులను ముస్తాబు చేసి తిప్పే సదర్ ఊరేగింపు ఎనిమిదింటికి వస్తుంది. అందులో మామగారి దున్నను ఫోటో తీయాలి. మధ్యాహ్నానికి ఫిల్ము కడిగి ఫోటో ఆరబెట్టాలి. దీపాలు పెట్టే వేళకు భార్య ఆండాలును ఇంటికి తెచ్చుకోవాలి. పథకంలో ఎక్కడా వంక లేదు. అయినా అతను తెల్లవారకముందే లేచి, గడ్డం రెండుసార్లు గీసుకుని, ఉన్న రెండు చొక్కాలూ మార్చి మార్చి తొడుక్కుని, కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతున్నాడు.

ఆండాలు పుట్టింట్లో ఉంది. ఆ పుట్టిల్లు ఏ వరంగల్లులోనో ఉంటే మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. రెండు గల్లీల అవతలే ఉంది. ఇరవై రోజులుగా మాడిన అన్నం తింటున్న బాలనర్సింహకు ఆమె మీద బెంగ పట్టుకుంది. అలాంటిలాంటి బెంగ కాదు, కుండ మీద ఆమె బోర్లించి వెళ్లిన గ్లాసు చూసినా కళ్లలో నీళ్లు తిరిగే బెంగ.

తప్పు అతనిదే. దసరాకు ఓదెలు అనే పాలవ్యాపారి వచ్చి తన దున్నకు ఫోటో కావాలంటే, ఎండలో నిద్రపోతున్న ఆ దున్నను చక్కగా తీసిచ్చాడు. ఓదెలు దానికి అద్దం కట్టించి దుకాణం ముందు తగిలించాడు. ఆండాలు తండ్రి బుచ్చయ్యదీ పాలవ్యాపారమే, అల్లుడింటికి పంపే పాలల్లో కూడా నీళ్లు కలిపే రకం. ఎవరి దున్న గొప్పదన్న పేచీతో ఓదెలుకూ ఆయనకూ పదిహేనేళ్లుగా మాటల్లేవు. సొంత అల్లుడే ఈ పని చేశాడని తెలిసిన రోజే ఆయన వచ్చి కూతురును తీసుకుపోయాడు.

"ఓదెలుగాని దున్న గోడకెక్కె, నా పహిల్వాన్ కొట్టంల్నే ఉండె," అన్నాడు పోతూ పోతూ. "ఇను అల్లుడా. నా పహిల్వాన్ ఎన్కకాళ్ల మీద లేసి నిలవడంగ ఫోటో తియ్యి. అప్పుడు పంపిస్త నా బిడ్డను."

"దున్న కదిలితె ఫోటో ఎట్ల పడ్తది మామా?"

"గది నాకెర్క లేదు."

మొదట స్టూడియో కెమెరాతోనే ప్రయత్నించాడు. కొట్టంలో దాన్ని ముక్కాలి స్టాండు మీద నిలబెట్టి, నల్ల ముసుగులో తల దూర్చాడు. పహిల్వాన్‌కు ముసుగులోని మనిషి కనబడలేదు. తన కొట్టంలోకి జొరబడ్డ నల్లటి కొత్త దున్న కనబడింది. స్టాండు అయిదు ముక్కలైంది. బాలనర్సింహ ముసుగుతో సహా పేడకుప్ప ఎక్కి ప్రాణం దక్కించుకున్నాడు.

దండు ఉండే లష్కర్‌లో మిలిటరీ వాళ్లు వదిలేసిన సామాను అమ్ముతున్నారని తెలిసి పరుగెత్తితే, అక్కడ దొరికింది ఈ కొత్త కెమెరా. ఫిల్ము స్టూడియో కెమెరాకు పట్టేంత పెద్దదే, కానీ దీనికి స్టాండూ వద్దు, ముసుగూ వద్దు. రెండు చేతులతో ఎత్తి పట్టుకోవడమే. ముందు ఒక తీగ చట్రం లేస్తుంది, వెనక చిన్న కన్నం ఉంటుంది. కన్నంలోంచి చూస్తే చట్రంలో ఏది కనబడుతుందో అదే ఫిల్ము మీద పడుతుంది.

"గింతేనా?" అన్నాడు బాలనర్సింహ.

"గింతే," అన్నాడు అమ్మినవాడు. ఆ కరువు కాలంలో ఫిల్ములు మాత్రం రెండే దొరికాయి.

అంతే కాదన్న సంగతి ఇద్దరికీ తెలియదు. బాలనర్సింహ ఇరవై ఏళ్లుగా లోకాన్ని ముసుగులోంచి చూస్తున్నాడు. స్టూడియో కెమెరా వెనక అద్దంలో అంతా తలకిందులు. పెళ్లికొడుకు తల కిందికి, చెప్పులు పైకి. కుడివైపు వాడు ఎడమవైపు. అద్దంలో బొమ్మ కుడికి జరిగితే కెమెరాను ఎడమకు తిప్పాలి, పైకి పోతే కిందికి వంచాలి. ఇది అతను ఆలోచించి చేసే పని కాదు, చేతులు వాటంతటవే చేసే పని. తీగ చట్రంలో లోకం ఉన్నది ఉన్నట్టే కనబడుతుందన్న కబురు ఆ చేతులకు ఇంకా అందలేదు.

ఎనిమిదింటికి చౌరస్తా కిక్కిరిసింది. మర్ఫా డోళ్లు చెవులు పగలగొడుతున్నాయి. కొమ్ములకు నెమలీకలు, మెడలో గవ్వల పట్టెడ, ఒళ్లంతా నూనెతో పహిల్వాన్ వచ్చాడు. పగ్గం పట్టుకుని, గులాబీ రంగు తలపాగాతో బుచ్చయ్య నడుస్తున్నాడు. ఎదురు మిద్దె మీద ఆడవాళ్ల మధ్య ఆండాలు నిలబడి ఉంది. ఆమెను చూడగానే బాలనర్సింహ చొక్కా సర్దుకున్నాడు.

"తయారేనా అల్లుడా?"

"తయారే మామా, లేపు!"

బుచ్చయ్య నాలుకతో టక్కుమనిపించాడు. పహిల్వాన్ ముందుకాళ్లు గాలిలోకి లేపి కొండలా నిలబడ్డాడు. చట్రంలో దున్న తల పైకి పోయింది. పైకి పోతే ఏం చేయాలో బాలనర్సింహ చేతులకు తెలుసు. కెమెరాను చటుక్కున కిందికి వంచాయి, మీట నొక్కేశాయి. బాలనర్సింహకు చట్రంలో కనబడినవి రెండు గిట్టలు, కాస్త పేడ.

"పడ్డదా?"

"పడ్డది మామా. గిట్టలు మస్తుగ వచ్చినయి."

"గిట్టలేంది?"

"ఇంకొక్కసారి లేపు మామా, నీ కాళ్లు మొక్కుత!"

ఇంకొకసారి లేవడం పహిల్వాన్‌కు ఇష్టం లేదు. చికాకుగా నాలుగడుగులు కుడికి వేశాడు. బాలనర్సింహ చేతులు కెమెరాను ఎడమకు తిప్పాయి. దున్న మాయమైంది. ఇంకాస్త తిప్పాడు. అక్కడా లేదు. కెమెరా వెనక ఫిల్ములున్న పెట్టెను రెండో ఫిల్ము వైపుకు తిప్పి, దాని మూతరేకు లాగేసి, మళ్లీ కన్నానికి కన్ను అంటించి గిర్రున తిరిగాడు. చివరికి ఊరేగింపుకు వీపు పెట్టి, ఎదుటి గల్లీకి కెమెరా గురిపెట్టి నిలబడ్డాడు. తాను ఎటు తిరిగాడో అతనికి తెలియదు.

జనానికి తెలిసింది. పాన్‌డబ్బా దగ్గరి ముసలాయన ముందుగా గమనించాడు.

"అరె, ఫోటోలాయన గల్లీ దిక్కు తిరిగిండేంది?"

"ఎవరో పెద్దమనిషి వస్తుండొచ్చు," అన్నాడు పక్కవాడు. "లేకుంటె దున్నను ఇడిచిపెట్టి అటెందుకు తిరుగుతడు? కెమెరా సూడు, మిలిటరీది! మామూలోళ్ల కోసం గది తెస్తరా?"

ఈ మాట పాన్‌డబ్బా దాటేసరికి పోలీసు అమీన్‌సాబ్ వస్తున్నాడయింది. పూలకొట్టు దాటేసరికి కొత్వాల్ అయ్యాడు. డోళ్ల దాకా వచ్చేసరికి సర్కారు సవారీయే వస్తోందని తేలిపోయింది. ఆ రోజుల్లో నవాబుగారు దారిన వచ్చే సవారీ అంటే నవ్వులాట కాదు. మూల మీద కునుకు తీస్తున్న పోలీసు జవాను, తనకు ముందుగా చెప్పలేదన్న భయంతో, ఉన్న ఊపిరంతా పెట్టి ఈల ఊదాడు.

"హటో! రాస్తా ఛోడో! సవారీ ఆరీ!"

డోళ్లు ఆగిపోయాయి. జనం రెండు వైపులా ఒదిగి చేతులు నుదుటికి ఆనించారు. ఈ లొల్లిలో బాలనర్సింహ గొంతు ఒక్కటే వినబడుతోంది.

"మామా! దున్నేది? జర నా ముంగటికి తోలుకరా!"

సవారీకి సలాం చేస్తుండగా అల్లుడు తనను ఫోటో తీస్తాడన్నమాట! బుచ్చయ్య పొంగిపోయాడు. పిల్లాడికి ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందనుకున్నాడు. పహిల్వాన్‌ను లాక్కుంటూ పరుగున వచ్చి, అల్లుడికి కనబడేలా గల్లీ మొగదల ఓ పక్కన నిలబడ్డాడు. లోపలి నుంచి గంటల చప్పుడు దగ్గరపడింది. ఆయన దున్న మోకాలి మీద తట్టాడు. నేర్పిన ప్రకారం పహిల్వాన్ ముందుకాళ్లు మడిచి మోకరిల్లాడు. బుచ్చయ్య తానూ నడుము విరిగేలా వంగి, వేళ్లు నేలకు తగిలేలా సలాం చేశాడు.

గల్లీలోంచి ఓదెలు బయటికి వచ్చాడు. తన దున్నను తోలుకుని తీరిగ్గా ఊరేగింపుకు వస్తున్నవాడు, ఎదుట కనబడిన దృశ్యానికి ఆగిపోయాడు. కళ్లు నులుముకుని చూశాడు. తర్వాత మెల్లగా చెయ్యి మీసం మీదికి పోనిచ్చాడు.

బాలనర్సింహకు ఇవేవీ పట్టలేదు. ఎట్టకేలకు చట్రంలోకి పహిల్వాన్ వచ్చాడు, పైగా కదలకుండా ఉన్నాడు. దేవుణ్ణి తలుచుకుని మీట నొక్కాడు.

"సలామత్ రహో, బుచ్చన్నా," అన్నాడు ఓదెలు చల్లగా దీవిస్తున్నట్టు. "పదిహేనేండ్లకు నా ఇలువ తెలిసిందా? ఇగ లే, నడుము పట్టుకుంటది."

జనం గొల్లుమన్నారు. బుచ్చయ్య లేచిన విసురుకు తలపాగా ఊడి పడింది.

"అల్లుడా! ఏడు జన్మలెత్తినా నా బిడ్డ నీ గడప తొక్కది!"

బాలనర్సింహ మిద్దె వైపు చూశాడు. ఆండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోతుండగా గోడ చాటుకు వెళ్లిపోయింది. ఏడుస్తోందనుకున్నాడు. 

స్టూడియోకు వచ్చి, ఏదో ఒకటి చేయకపోతే పిచ్చెక్కేలా ఉందని ఫిల్ములు కడిగాడు. మొదటిదానిలో గిట్టలు. రెండోదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల వృత్తిలో అంత చక్కటి ఫోటో అతను తీయలేదు. నేల తాకుతున్న బుచ్చయ్య, పక్కనే మోకరిల్లిన పహిల్వాన్, ఎదురుగా మీసం దువ్వుతున్న ఓదెలు, అటూ ఇటూ సలాం చేస్తున్న జనం. కొమ్ముల మీది నెమలీకలు లెక్కపెట్టుకోవచ్చు. అంత దుఃఖంలోనూ ముచ్చటపడి, రెండు కాగితాల మీదికి దింపి, ఒకదాన్ని అలవాటు కొద్దీ వీధి కిటికీలో ఆరగట్టాడు.

గంటలో కిటికీ ముందు జాతరయింది. అందరినీ తోసుకుని ఓదెలు వచ్చాడు.

"తమ్మీ, నిలువెత్తు చేసియ్యి. దుకాణం ముంగట నా దున్నది తీసేసి గిది పెడ్త."

బాలనర్సింహ అవుననీ కాదనీ అనకముందే ఓదెలు వెళ్లిపోయాడు. అతను అటు పోగానే ఇటు టాంగా ఆగింది. రెండు గల్లీల దూరానికి టాంగా! ట్రంకుపెట్టె, నెయ్యి డబ్బా, ఆండాలు దిగారు. వెనకాల ముఖానికి తువ్వాలు చుట్టుకుని బుచ్చయ్య దిగాడు.

"నా బిడ్డను తోలుకొచ్చిన అల్లుడా."

"ఏడు జన్మలని అంటివి గద మామా?"

"కోపంల సవాలక్ష అంటం. గా ఫోటో తియ్యి కిటికీలకెళ్లి. ఫిల్ము గూడ ఇటియ్యి."

"ఆగు బాపు," అంది ఆండాలు. "ముందుగాల నా పెట్టె లోపలికి పోవాలె. ఇంకోమాట, ఇగ దున్నల పంచాది మా గడప దాటి లోపలికి రావద్దు. ఒప్పుకుంటెనే ఫిల్ము."

బుచ్చయ్య ఒప్పుకున్నాడు. ఫిల్మునూ ఫోటోనూ అక్కడే పొయ్యిలో వేసి, అవి బూడిదయ్యేదాకా నిలబడి, వెనుదిరిగి చూడకుండా వెళ్లాడు.

తలుపు వేయగానే ఆండాలు కడుపు పట్టుకుని కూలబడింది. "మిద్దె మీద నవ్వాపుకోలేక సచ్చిన," అంది కళ్లు తుడుచుకుంటూ. బాలనర్సింహకు మాత్రం నిజంగానే ఏడుపు వచ్చింది. ఆమె గ్లాసును కుండ మీంచి తీసి, నీళ్లు ముంచి ఇచ్చాడు.

"ఆండాలు, ఇంకోటి లోపల ఆరుతున్నది," అన్నాడు భయం భయంగా. "చింపెయ్యన్నా?"

ఆమె వెళ్లి దాన్ని జాగ్రత్తగా తీసి, కొంగుతో తడి అద్ది, ట్రంకులో పెళ్లి చీర మడతల మధ్య పెట్టి తాళం వేసింది.

"చింపుతె ఏమొస్తది? ఉన్నదని బాపుకు ఒక్కమాట చెప్పి వస్త."

మరునాటి నుంచి మామగారు పంపే పాల మీద మీగడ కట్టడం మొదలైంది.